బోర్డుకి బోల్డ్ జామెట్రిక్ ఫాంటు సరే, ముందు తెలుగు పేరు గీయించండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. హన్మకొండ నయీంనగర్ వైపు నేల మీద పరిచే చేనేత దర్రీలు, దుప్పట్లు అమ్మే షాపు దసరాకి మొదలుపెడుతున్నారు. డిజైన్ చదివిన మీ మేనకోడలు ఫ్యూచురా లాంటి బోల్డ్ జామెట్రిక్ ఫాంటులో, అంటే స్కేలు, కంపాసు పెట్టి గీసినట్టుండే లావు అక్షరాల్లో, ఇంగ్లీషు పేరు చేసి పంపింది. ఇంట్లో పెద్దవాళ్లు "చేనేతకి ఇంత మోటు అక్షరాలా" అంటున్నారు. ఫ్లెక్స్ షాపతనేమో తెలుగు కూడా అదే ఫాంటులో వస్తుందని మాటిచ్చాడు. ఎవరి మాట వినాలి?

నేను కాజీపేటలో 2001 నుంచి బోర్డుల పనిలో ఉన్నాను. మొదట్లో బ్రష్షు, తర్వాత ఫ్లెక్సు, ఇప్పుడు ఎక్కువగా ఎల్ఈడీ అక్షరాలు. నా సమాధానం ముందే చెప్పేస్తాను.

ఆ ఇంగ్లీషు ఫాంటు మీ షాపుకి బాగా నప్పుతుంది, మార్చకండి. తెలుగు మాత్రం అందులో రాదు, బలవంతంగా రాబట్టొద్దు. ముందు తెలుగు పేరుని బోర్డు మీద పెద్దగా కూర్చోబెట్టండి, తర్వాత దానికి తగ్గట్టు ఇంగ్లీషు సర్దండి. దాదాపు అందరూ దీన్ని తిరగేసి చేస్తారు. అందుకే మన ఊళ్లో చాలా బోర్డుల మీద తెలుగు మూలన నక్కి ఉంటుంది.

రిజిస్ట్రేషన్ అయ్యేదాకా అసలు పేరు చెప్పనన్నారు, మంచి పని చేశారు. తెలుగులో రెండక్షరాలు, ఒక వత్తు, ఇంగ్లీషులో ఐదక్షరాలు అన్నారు కాబట్టి "మొగ్గ" అనుకుని మాట్లాడతాను.

పెద్దవాళ్ల అనుమానం ముందు తీరుద్దాం. చేనేత అనగానే పూలతీగ లాంటి వంపుల అక్షరాలు ఉండాలని అందరికీ అనిపిస్తుంది. వాళ్లని ఒకసారి వరంగల్లో నేతవాళ్లుండే కొత్తవాడ తీసుకెళ్లి మగ్గం మీద ఉన్న దర్రీ చూపించండి. పట్టీలు, మెట్లు, వజ్రం ఆకారాలు. పడుగు పేకలతో గుండ్రం తీయాలన్నా మెట్లు మెట్లుగానే పోవాలి. 2018లో జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చిన వరంగల్ దర్రీ అందమంతా ఆ లెక్కలోనే ఉంది. స్కేలు, కంపాసు పెట్టి గీసినట్టుండే అక్షరం దాని పక్కన పరాయిదిగా ఉండదు. పైగా దర్రీ మూల కుట్టే నేత లేబుల్ మీద సన్న గీతలు నిలవవు, దారంలో కలిసిపోతాయి. మందమైన, కొసలు లేని అక్షరమే నిలుస్తుంది. ఒకే పేరు బోర్డు మీద, లేబుల్ మీద, క్యారీ బ్యాగు మీద ఒకేలా కనిపించాలంటే ఈ రకం ఫాంటు అనుకూలం.

ఇది నిన్న మొన్నటి ఫ్యాషన్ కూడా కాదు. ఫ్యూచురా 1927లో జర్మనీలో వచ్చింది, గీసినాయన పాల్ రెన్నర్. 1969లో మనిషి మొదటిసారి చంద్రుడి మీద దిగి అక్కడ వదిలి వచ్చిన ఫలకం మీద ఉన్నవి ఫ్యూచురా అక్షరాలే. 2000లో అమెరికా డిజైనర్ టోబియస్ ఫ్రియర్ జోన్స్ చేసిన గోథమ్ అనే ఫాంటు నాకు ఇంకా ఇష్టం. న్యూయార్కులో పాత బిల్డింగుల మీద బోర్డు పనివాళ్లు పెట్టిన అక్షరాలు చూసి ఆయన దాన్ని గీశారు. 2008లో ఒబామా ఎన్నికల ప్రచారంతో అది ప్రపంచమంతా కనిపించింది. బోర్డుల నుంచి ఫాంటు పుట్టడం అనే మాట విన్నప్పుడల్లా మన దగ్గర పాత బిల్డింగుల నుదుటి మీద సిమెంటుతో పోసిన తెలుగు అక్షరాలు గుర్తొస్తాయి. వాటిని ఎవరైనా ఫొటోలు తీసి దాచిపెడితే బాగుండు, ఒక్కొక్కటే కూలగొట్టేస్తున్నారు.

ఒక జాగ్రత్త. జామెట్రిక్ అంటే నిజంగా కంపాసుతో గీసింది అనుకుని, "సర్కిల్ టూల్‌తో నేనే గీసేస్తా" అని ఫ్లెక్స్ షాపుల్లో అంటుంటారు. ఒప్పుకోవద్దు. నేను పని నేర్చుకున్న పెయింటర్ గారి దగ్గర చాక్‌పీసు పొడి రాసిన దారం లాగి గోడ మీద రెండు గీతలు కొట్టేవాళ్లం, అక్షరాలన్నీ ఆ రెండింటి మధ్య. ఇంగ్లీషు ఓ వచ్చినప్పుడు మాత్రం "గీత దాటియ్ రా, లేకుంటే సున్న చిన్నగ కనవడ్తది" అనేవారు. పైన పిసరంత, కింద పిసరంత. చాలా ఏళ్ల తర్వాత కంప్యూటర్‌లో డిజైన్ చేసే కోరెల్‌డ్రాలో ఫ్యూచురా ఓ మీద గైడ్‌లైన్లు పెట్టి చూస్తే అదీ సరిగ్గా అంతే గీత దాటి ఉంది. అడ్డగీత నిలువుగీత కన్నా కొంచెం సన్నం. గుండ్రం వచ్చి నిలువు గీతకి తగిలే చోట మందం తగ్గించారు. కంటికి సమానంగా కనిపించడానికి కొలతలో తేడా పెట్టారన్నమాట. సర్కిల్ టూల్‌కి ఇవేవీ తెలియవు. అలా గీసిన బోల్డ్ అక్షరం అతుకుల దగ్గర నల్లగా ముద్దకడుతుంది.

ఇక మీ ఇంగ్లీషు పేరు. మేనకోడలు చిన్న అక్షరాల్లో చేసిందన్నారు కదా. "మొగ్గ" అని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో (mogga) టైపు చేసి చూడండి. ఎం తర్వాత ఓ గుండ్రం, రెండు జీలూ గుండ్రం, ఫ్యూచురాలో చిన్న ఏ కూడా గుండ్రం పక్కన కర్ర పెట్టినట్టే ఉంటుంది. అంటే నాలుగు గుండ్రాలు వరసగా. విజిటింగ్ కార్డు మీద చాలా ముచ్చటగా ఉంటుంది. రోడ్డు అవతల నుంచి చూస్తే నాలుగు ఉంగరాలు పేర్చినట్టుంటుంది, చదవాలంటే ఆగాలి. బండి మీద పోయేవాడు ఆగడు. అందుకని బోర్డు మీద పెద్ద అక్షరాలే వాడండి. అందులోనూ ఓ, జీ, జీ మూడు గుండ్రాలు ఉన్నాయి కాబట్టి జీ లోపల అడ్డగీత స్పష్టంగా ఉన్న ఫాంటు చూసుకోండి. ఆ గీత పొట్టిగా ఉంటే దూరానికి జీ కాస్తా సీ అవుతుంది. చిన్న అక్షరాలే కావాలని మేనకోడలు పట్టుబడితే, ఇంగ్లీషు చిన్న ఏ (a) పుస్తకాల్లో ఉన్నట్టు రెండంతస్తులుగా ఉండే మాంట్‌సెరాట్ లాంటి ఫాంటు పెట్టుకోవచ్చు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఫ్లెక్స్ షాపుల్లో రోజూ జరిగేది చెప్తాను. ఇంగ్లీషు పేరు టైపు చేస్తారు, తెలుగు పేరు టైపు చేస్తారు, రెండింటినీ సెలెక్ట్ చేసి ఒకే ఎత్తుకి లాగుతారు. స్క్రీను మీద రెండూ 12 అంగుళాలే, కస్టమర్ కూడా "సమానంగా ఉన్నాయి" అనుకుంటాడు. నిజంగా సమానం కాదు. ఇంగ్లీషు పెద్ద అక్షరం కింది గీత నుంచి పై గీత దాకా మొత్తం అక్షరమే. "మొగ్గ"లో పైన ఒత్వం ఉంది, కింద గ వత్తు ఉంది, నడుమ మిగిలింది మ, గ ల ఒళ్లు. పైనా కిందా పోతే ఆ ఒంటికి దక్కేది దాదాపు సగం, అంటే 6 అంగుళాలు. మనిషి కన్ను చదివేది ఆ ఒంటిని. అందుకే కొలత సమానంగా ఉన్నా తెలుగు సగం సైజులో కనిపిస్తుంది.

కాబట్టి తెలుగుని మొత్తం ఎత్తుతో కొలవకండి, అక్షరం ఒంటితో కొలవండి. మా పనిలో ఒక పాత లెక్క ఉంది. చూసేవాడు 10 అడుగుల దూరంలో ఉంటే ఒక అంగుళం అక్షరం హాయిగా చదవొచ్చు. మీ షాపు ఎదుటి ఫుట్‌పాత్ 80 అడుగుల దూరం అనుకుంటే 8 అంగుళాలు కావాలి. ఆ లెక్క ఇంగ్లీషు పెద్ద అక్షరాలకి. తెలుగుకి ఆ 8 అంగుళాలు ఒంటికి ఇవ్వండి, పైన ఒత్వం, కింద వత్తు కలుపుకుని మొత్తం 16 అంగుళాల దాకా పోతుంది. మీ బోర్డు 4 అడుగుల ఎత్తు అన్నారు, అంటే 48 అంగుళాలు. కావలసినంత చోటుంది. నేనైతే ఒంటికి 11, 12 అంగుళాలు ఇస్తాను. తెలుగు రెండక్షరాలే కాబట్టి ఎడమవైపు నిండుగా కూర్చుంటుంది, ఇంగ్లీషు ఐదక్షరాలు కుడివైపు అడ్డంగా పరుచుకుంటాయి. ఇలా పక్కపక్కన పెట్టడం ఒకదాని కింద ఒకటి పెట్టడం కన్నా మేలు. కింద పెడితే వత్తు వచ్చి ఇంగ్లీషు నెత్తిన కూర్చుంటుంది, దాన్ని తప్పించడానికి మళ్లీ తెలుగునే చిన్నది చేస్తారు. షాపు బోర్డు మీద తెలుగు ఉండాలన్నది ఎలాగూ నిబంధనే. ఉండాలి కాబట్టి పెట్టామన్నట్టు కాకుండా, చదవడానికి పెట్టండి.

ఇంగ్లీషు బోల్డ్‌గా ఉంది కదా, తెలుగు కూడా అంత మందం ఉండాలా? ఉండాలి, కానీ ఎలా అన్నది ముఖ్యం. ఇంగ్లీషు ఎం లో నాలుగు గీతలుంటాయి. మన మొ సంగతి చూడండి. మ అనేదే వ పక్కన కొమ్ము కలిసినట్టుండే అక్షరం. దానికి ఒత్వం ఇస్తే కొ, గొ లకి వచ్చినట్టు పైన ఒక్క గుర్తుతో సరిపోదు, పైన ఎత్వం, పక్కన ఇంకో కొమ్ము రెండూ వస్తాయి. ఎన్ని మలుపులు, ఎన్ని ఖాళీలు! మీరు చూడాల్సింది ఆ లోపలి ఖాళీలనే. గీత మందం పెంచితే ముందు మూసుకుపోయేవి అవే. అదే ఒళ్లు పెద్దదైతే మందమైన గీతకి కూడా చోటుంటుంది. తెలుగు పెద్దగా ఉండాలని ఇందాక పట్టుబట్టింది ఇందుకు కూడా. ఒళ్లు పెద్దది చేసి గీత మందం ఇంగ్లీషుతో కలపండి, అంతే. ఆకారం కలపనక్కర్లేదు. మందం ఒకటి, రంగు ఒకటి అయితే రెండు లిపులూ ఒక ఇంటివాళ్లలా ఉంటాయి.

ఖాళీ మూసుకుపోతే ఏమవుతుందో నా అనుభవం చెప్తాను. ఒక స్టేషనరీ షాపు బోర్డులో "విద్యార్థి" అనే మాట ఉంది. యజమాని బాగా లావు అక్షరం అడిగారు, నేను పెట్టేశాను. థ కి ధ కి తేడా పొట్టలో ఉండే ఒక్క చుక్క. ఇక్కడ అది కింద వత్తులో ఉంది, అంటే ఇంకా చిన్నది. అక్రిలిక్ కట్ చేసేసరికి చుక్క చుట్టూ ఉండాల్సిన ఖాళీ నిలవలేదు, కటింగ్ కుర్రాడు చుక్క తీసేసి నున్నగా చేశాడు. నేను చూసుకోలేదు. మూడో రోజు ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు షాపుకి వచ్చి, "పిల్లలు రోజూ చూసే బోర్డు మీద విద్యార్ధి అని రాయొచ్చునా బాబూ" అని అడిగారట. యజమాని ఫోన్ చేస్తే వెళ్లి నిచ్చెన వేసుకుని దించాను. కొత్త అక్షరం నా ఖర్చుతోనే చేసిచ్చాను. అప్పటి నుంచి కటింగ్‌కి పంపేముందు ప్రతి తెలుగు మాటనీ గట్టిగా పైకి చదువుతాను.

దీనికన్నా పెద్ద పొరపాటు తెలుగుని ఇంగ్లీషు ముక్కలతో కట్టడం. ఓ ని తెచ్చి సున్నా చేయడం, యూ ని తిప్పి ఇంకేదో చేయడం. సోషల్ మీడియాలో అందరూ మెచ్చుకుంటారు. ఏనుమాముల మార్కెట్ దగ్గర ఒక విత్తనాల షాపుకి ఎవరో అలా చేసిచ్చారు. పత్తి బస్తా దింపి వచ్చిన రైతు బోర్డు కిందే నిలబడి షాపు ఎక్కడని పక్కవాళ్లని అడగడం నేను కళ్లారా చూశాను. ఆయనకి చదువొచ్చు, పేపర్ చదువుతాడు. ఆ బోర్డే ఆయనకి చదవడానికి వీలివ్వలేదు. తెలుగు లిపి గుండ్రం నిజమే, తాటాకు మీద గంటంతో రాసే రోజుల్లో అడ్డంగా గీత లాగితే ఆకు చీలేదని అంటారు కదా. కానీ అది కంపాసు గుండ్రం కాదు, చెయ్యి తిరిగిన గుండ్రం. గ చూడండి, ఎడమ వంపు, కుడి వంపు ఒకటి కావు. సమానం చేస్తే అది గ లా ఉండదు.

మరి ఏ తెలుగు ఫాంటు? నేను మీ చోట ఉంటే అనెక్ తెలుగు తీసుకుంటాను. ఫాంట్లు తయారుచేసే ఏక్ టైప్ వాళ్లది, సన్నం నుంచి ఎక్స్‌ట్రా బోల్డ్ దాకా ఉంది, వెడల్పు కూడా మార్చుకోవచ్చు. గీత మందాన్ని ఇంగ్లీషుతో కలపాలంటే ఇలా మెట్లు మెట్లుగా దొరకాలి. బలూ తమ్ముడు అనే ఫాంటు లావుగా, మెత్తగా బాగుంటుంది కానీ పిల్లల బట్టల షాపు కళ వస్తుంది, దర్రీలకి వద్దు. రామభద్ర హెడ్డింగులకి గట్టి అక్షరం, అమ్మకాల బ్యానర్లకి వాడుకోండి. హింద్ గుంటూరు లోపల రేటు కార్డులకి, చిన్న అక్షరాలకి పనికొస్తుంది.

"పాపిన్స్‌లో తెలుగు వస్తుంది" అని ఫ్లెక్స్ షాపతను చూపించాడన్నారు కదా. పాపిన్స్‌లో ఇంగ్లీషు, దేవనాగరి ఉన్నాయి, తెలుగు లేదు. తెలుగు టైపు చేస్తే కంప్యూటర్ తన దగ్గరున్న వేరే తెలుగు ఫాంటు తెచ్చి పెడుతుంది, పైన పేరు మాత్రం పాపిన్స్ అనే ఉంటుంది. అతను అబద్ధం చెప్పలేదు, అతనికీ అలాగే కనిపిస్తుంది. అదే ఫైలు ఇంకో కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు రూపం మారిపోతుంది.

లైసెన్సు సంగతి రెండు ముక్కల్లో. ఫ్యూచురా, గోథమ్ డబ్బులు కట్టి కొనాల్సినవి. మాంట్‌సెరాట్, పాపిన్స్, అనెక్ తెలుగు గూగుల్ ఫాంట్స్‌లో ఓపెన్ లైసెన్సుతో ఉన్నాయి, వ్యాపారానికి కూడా వాడుకోవచ్చు. ఎవరో ఫోన్‌లో పంపిన ఫాంటు ఫైలుతో మాత్రం లోగో చేయించుకోకండి.

రాత్రి సంగతి చాలామంది మర్చిపోతారు. లైట్ల అక్షరాలు పెట్టిస్తున్నారు కదా, చీకటి పడ్డాక వెలుగు అంచులు దాటి పరుచుకుంటుంది. పగలు సరిపోయిన బోల్డ్ రాత్రి ఇంకో మెట్టు లావుగా కనిపిస్తుంది. హన్మకొండలో ఒక క్లినిక్‌కి అన్నిటికన్నా లావు మందంలో తెల్లటి ఎల్ఈడీ అక్షరాలు పెట్టాను. మధ్యాహ్నం అద్భుతంగా ఉంది, డాక్టర్ గారు ఫొటో తీసుకున్నారు. రాత్రి ఎనిమిదింటికి అటుగా వెళ్తే ఇంగ్లీషు ఏ (A) లోపలి త్రికోణం లేదు, ఆర్ (R) లోపలి ఖాళీ లేదు, వెలుగు ముద్దలు కనిపించాయి. పవర్ తగ్గించి కొంత సరిచేశాను, పూర్తిగా సరికాలేదు. అందుకే లైటు అక్షరాలకి మీరు అనుకున్న దానికన్నా ఒక మెట్టు తక్కువ మందం తీసుకోండి, అక్షరాల మధ్య ఎడం కొంచెం పెంచండి. మరీ సన్నం చేస్తే లోపల ఒక వరస ఎల్ఈడీ మాడ్యూల్స్ (లైటు ముక్కలు) కూడా పట్టవు, అదీ చూసుకోవాలి. వార్మ్ వైట్ అడగండి, చేనేత రంగులు దాని కింద బాగుంటాయి.

ఇంకొకటి, ఇది తెలుగు బోర్డులకే ఉన్న ఇబ్బంది. గ వత్తు అక్షరానికి అంటుకోకుండా విడి ముక్కగా వస్తుంది. ప, స, హ లాంటి వాటికి తలకట్టు కూడా విడిగా ఉంటుంది. ఈ చిన్న ముక్కలకి ఒక్క స్టడ్ (వెనక బిగించే మేకు) పెట్టి వదిలేస్తే రెండు వర్షాకాలాలకి తిరిగిపోతాయి, లేదా ఊడిపోతాయి. ఇంగ్లీషులో ఒక చుక్క ఊడితే పేరు మారదు, మీ బోర్డు మీద వత్తు ఊడితే మొగ్గ కాస్తా మొగ అయిపోతుంది. ప్రతి విడి ముక్కకీ కనీసం రెండు స్టడ్లు, వెనక ఏసీపీ షీటులోకి (బోర్డు మీద వేసే పల్చటి అల్యూమినియం షీటు) కాదు, లోపలి ఫ్రేముకి పట్టేలా పెట్టమనండి. కటింగ్ ఫైలు ఇచ్చే ముందు తెలుగుని కర్వ్స్‌లోకి (ఫాంటు అవసరం లేని గీతల్లోకి) మార్చి, ముక్కల్ని ఒకటిగా కలిపేలా వెల్డ్ చేయమనండి. లేదంటే గీతలు ఒకదాని మీద ఒకటి ఎక్కిన చోట మిషన్ రెండుసార్లు కోస్తుంది.

డబ్బులు కట్టేముందు ఒక పని చేయండి. బోర్డుని అసలు సైజులో మామూలు కాగితాల మీద నల్లగా ప్రింటు తీసి, ముక్కలు అతికించి, షట్టర్ పైన కట్టండి. రోడ్డు దాటి అవతల నిలబడండి. పగలు ఒకసారి, సాయంత్రం ఏడింటికి ఒకసారి. మీరు చదవడం లెక్కలోకి రాదు, పేరు మీకు ముందే తెలుసు. ఎదురుగా టీ కొట్టు అమ్మనో, ఆటో అన్ననో అడిగి పైకి చదివించండి. ముందు తెలుగు చదివారా ఇంగ్లీషు చదివారా, ఎక్కడ తడబడ్డారు, అది రాసుకోండి. పేరు రిజిస్ట్రేషన్ అయ్యాక ఆ కాగితం బోర్డు ఫొటో ఇక్కడ పెడితే వత్తు దగ్గర ఎడం, జీ లోపలి గీత నేను చూసి చెప్తాను. దసరాకి మూడు వారాల ముందే పెట్టండి, ఆ సీజనులో కటింగ్ మిషన్లు ఖాళీ ఉండవు.